ఈతరాణి

ల్యాబ్ మాస్టారి నాలుకకు విశ్రాంతి ఉండేది కాదు. మిగతా ల్యాబుల్లో పిల్లలు గడియారం కేసి చూస్తూ కాళ్ళు మార్చుకుంటుంటే, కెమిస్ట్రీ ల్యాబులో మాత్రం అప్పుడే అయిపోయిందా అన్నట్టు ఏప్రన్లు విప్పేవారు. పక్క బ్యాచ్ వాళ్ళు తమకూ ఆయన్నే వెయ్యమని హెడ్ మేడమ్‌ను బతిమాలుకునేవారు. గాజు సామాను పగలగొట్టేవాడికి సుత్తి అనీ, అందరికంటే ముందు పని ముగించి తప్పు జవాబు తెచ్చేవాడికి తొందర అనీ ఆయన పేర్లు పెట్టారు. ఆయన పెట్టే పేర్లు చదువులైపోయాక కూడా పిల్లలను వదిలేవి కావు. పేరు దక్కనివాళ్ళు లోలోపల చిన్నబుచ్చుకునేవారు. ఇదంతా మాస్టారికి తెలుసు. తెలిసి మురిసిపోయేవారు కూడా.

కిటికీ పక్క ఆఖరి బల్ల దగ్గర నిలబడే అమ్మాయికి ఆయన పెట్టిన పేరు ఈతరాణి.

ల్యాబులో గాగుల్స్ తప్పనిసరి అని గోడ మీద బోర్డుంది. బీరువాలో గాగుల్స్ పెట్టె ఉంది. బోర్డూ పెట్టే ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఏళ్ళ తరబడి చక్కగా కాపురం చేస్తున్నాయి. మొదటి రోజు క్లాసులో మాస్టారు ఆ పెట్టెలోంచి ఒక జత తీసి, దుమ్ము ఊది, తన ముక్కు మీద పెట్టుకుని చేతులు చాపి తడుముకుంటూ నడిచారు. "ఇవి అందరూ పెట్టుకోవాలి. పెట్టుకుంటే ముందు ఏముందో కనపడదు. కనపడనిదానికి భయపడక్కర్లేదు కదా, అదీ వీటి ఉపయోగం" అన్నారు. క్లాసు గొల్లుమంది. గాగుల్స్ మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయాయి.

ఆ మాటల్లో మొదటి ముక్క ఒక్కటే చెవిన వేసుకున్నది ఆ అమ్మాయి. మర్నాటికల్లా సొంత గాగుల్స్ కొనుక్కుని వచ్చింది. చిన్న మొహం, పెద్ద గాగుల్స్, వంగితే చాలు ముక్కు మీదికి జారిపోయేవి. యూనిఫాంలు కుట్టే షాపులో పనిచేసే తల్లి ఆ రబ్బరు తాడు తీసేసి, వెడల్పాటి పువ్వుల గుడ్డ పట్టీ కుట్టి ఇచ్చింది. అది కట్టుకుని క్లాసులోకి వస్తుంటే మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి దారిచ్చారు. "తప్పుకోండి, తప్పుకోండి. ఈతరాణి వచ్చింది. ఎవరైనా ఆ సింకులో నీళ్ళు నింపండయ్యా, దూకుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది.

జోకు పండితే వదిలే మనిషి కాదాయన. ఒక రోజు నీళ్ళు వెచ్చగా ఉన్నాయా అని అడిగేవారు, ఒక రోజు ఒడ్డున బట్టలు భద్రమేనా అని పరామర్శించేవారు. కొన్నాళ్ళకు ఆయన అనకపోయినా పిల్లలే అనడం మొదలుపెట్టారు. అన్నప్పుడల్లా ఆ అమ్మాయి పెదవి బిగించి, ఆ తర్వాత నవ్వేది. పట్టీ మాత్రం విప్పేది కాదు. అలా సగం ఏడాది గడిచింది.

ఆ రోజు అమోనియం పరీక్ష. మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ బర్నర్ల మంటలు సరిచేస్తున్నారు. ఆఖరి బల్ల దగ్గరకొచ్చేసరికి ఎవరో కొత్తపిల్ల నిలబడి ఉన్నట్టనిపించింది. ఈతరాణే. కళ్ళకు ఏమీ లేవు.

"అబ్బ, ఇన్నాళ్ళకు మొహం చూపించావు తల్లీ! ఒడ్డెక్కావన్నమాట" అన్నారు మాస్టారు. నిజంగానే సంతోషపడ్డారాయన. "బాగుంది. ఇలాగే రా."

ఆ అమ్మాయి తల వంచుకుని టెస్ట్ ట్యూబు కడుక్కుంది. పక్కనున్న తొందర అప్పటికే తన ట్యూబును మంట మీద పెట్టాడు. అందులో ఇంత సాల్టు, దాని మీద కాస్టిక్ సోడా ద్రావణం. అలాంటిదాన్ని మంటకు కాస్త ఎడంగా పట్టుకుని, ఊపుతూ, మూతి మనుషులు లేనివైపు తిప్పి నెమ్మదిగా వేడి చెయ్యాలి. నెమ్మది అన్న మాటకూ ఆ కుర్రాడికీ ఎప్పుడూ పొత్తు లేదు. మంట నడిమధ్య నిటారుగా నిలబెట్టి, వాసన వస్తోందా లేదా అని కాస్త పక్కకు వంచాడు. లోపలిదంతా దగ్గినట్టు ఒక్కసారిగా ఎగిరి పక్కకు చిమ్మింది.

ఆ అమ్మాయి అరవలేదు. "సార్" అంది, అంతే. రెండు చేతులూ కుడికంటికి అడ్డం పెట్టుకుని, దారి తెలియక బల్ల అంచుకు కొట్టుకుంది.

ఆ తర్వాత మాస్టారు చేసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒక్క అంగలో వచ్చి, మెడ పట్టుకుని సింకు మీదికి వంచి, చేతులు బలవంతంగా తప్పించి, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. ఒకడు వాష్ బాటిళ్ళు నింపి అందిస్తున్నాడు, ఆయన ఖాళీ చేస్తున్నారు. "కన్ను మూయకమ్మా, మంటగా ఉంటుంది, అయినా మూయకు, నా మాట విను" అంటూనే ఉన్నారు, బండి వచ్చేదాకా. చొక్కా మొత్తం తడిసి వంటికి అంటుకుపోయింది. అంత దగ్గరగా వంగి చూస్తుంటే ఆ పిల్ల కళ్ళ చుట్టూ, బుగ్గల మీదుగా, అచ్చు వేసినట్టు ఎర్రటి గీత కనపడింది. గాగుల్స్ ఒత్తుకున్న గీత. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ మాస్టారిని మెచ్చుకుంది. "వెంటనే కడగబట్టి బతికిపోయింది. లేకపోతే కన్ను పోయేది. నల్లగుడ్డు కమిలింది, చూపు ఏ మేరకు దక్కుతుందో కట్టు విప్పాక చెబుతాను." ఆ మెచ్చుకోలు ఆయనకు ఇంటిదాకా తోడొచ్చింది. భోజనం దగ్గర అదే భార్యకు చెప్పబోయి, ఎందుకో నోరు పెగల్లేదు. ఆయన మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎరగని జబ్బు. ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మర్నాడు పొద్దున్నే హెడ్ మేడమ్ పిలిపించారు. కోపిష్టి మనిషి కాదావిడ. పద్ధతి మనిషి. టేబుల్ మీద పెన్నులు కూడా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి.

"గాగుల్స్ పెట్టుకోమని మీరు చెప్పారా లేదా?"

"చెప్పాను మేడమ్. మొదటి రోజే."

"అందరికీ?"

"అందరికీ."

వెతికి చూసినా అందులో అబద్ధం లేదు.

"నేను క్లాసును కూడా అడిగాను. సార్ చెప్పారనే అన్నారు. ఆ పిల్ల ఎందుకు పెట్టుకోలేదంటే మర్చిపోయిందేమో అన్నారు. కుర్రాడికి గట్టిగా వార్నింగ్ ఇచ్చాను, వాడు ఏడ్చి ఏడ్చి సగమయ్యాడు. కానీ కళ్ళకు ఏమీ లేకుండా మంట దగ్గర నిలబడటం మాత్రం ఆ పిల్ల చేసిన పని. ఇవాళ చూసీచూడనట్టు ఊరుకుంటే రేపు ఇంకొకరి కన్ను పోతుంది. ఈ ఏడాదికి ఆ పిల్లను ల్యాబులోకి రానివ్వను."

"ల్యాబు లేకపోతే ప్రాక్టికల్స్ పోతాయి కదా మేడమ్."

"పోతాయి. వచ్చే ఏడాది మళ్ళీ కూర్చుంటుంది. మీరు చెప్పారు, ఆమె వినలేదు. అంతే కదా?"

మాస్టారు పెన్నుల కేసి చూశారు. "అంతే మేడమ్" అన్నారు.

బ్యాచ్ మొత్తంలో ఆ రోజు దాకా గాగుల్స్ పెట్టుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే. గాగుల్స్ పెట్టుకోనందుకు శిక్ష పడింది కూడా ఆ అమ్మాయి ఒక్కదానికే. గది బయటికి వచ్చాక ఈ సంగతి ఆయనకు తట్టింది. తట్టగానే ఎవరో వెనకనుంచి కాలరు పట్టుకున్నట్టయింది. అయినా ఆగకుండా ల్యాబుకు నడిచారు.

అక్కడ తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. జాకెట్టు చేతి మీద దారం పోగులు అంటుకుని ఉన్నాయి, షాపులోంచి అలాగే వచ్చేసినట్టుంది. మాస్టారిని చూడగానే చెప్పులు విడిచి చేతులు జోడించింది. చెప్పులు విడవక్కర్లేదమ్మా అందామనుకునేలోగా మొదలుపెట్టేసింది.

"మాస్టారూ, మా పిల్ల కన్ను కాపాడారు. డాక్టరమ్మ చెప్పింది. మా వల్ల మీకు కాలేజీలో మాటొచ్చిందట, క్షమించండి."

"అయ్యో, అదేం లేదమ్మా."

"మీరంటే దానికి ఎంత గౌరవమో. ఇంటికొస్తే మీ కబుర్లే. మీరు ఈతరాణి అని పేరు పెట్టారని చెబితే మేమూ నవ్వుకున్నాం. వాళ్ళ తమ్ముడు ఇంట్లో అలాగే పిలుస్తాడు." ఆవిడ ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించింది. "తప్పు నాదేమోనని రాత్రంతా నిద్ర లేదు మాస్టారూ. ఆ పట్టీ కుట్టింది నేనే. ఈ మధ్య మరీ బిగించానేమో, తలనొప్పి వచ్చి పెట్టుకోలేదేమో. అది మర్చిపోయానంటుందే గానీ నన్ను ఒక్క మాట అనదు. కొంచెం వదులు చేసుంటే పోయేది. ఎన్ని కుట్లు కుట్టిన చెయ్యి, కన్నకూతురి తల కొలత తెలియలేదు."

పట్టీది తప్పు కాదమ్మా, నాది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఆవిడ కళ్ళలో ఆ గౌరవం చూస్తూ దాన్ని బయటికి తేవడం మాస్టారి వల్ల కాలేదు. "మనసులో పెట్టుకోకండమ్మా, అవుతుంటాయి" అన్నారు. అంత ఉదారంగా క్షమించినందుకు ఆవిడ మళ్ళీ దణ్ణం పెట్టి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది. ల్యాబులోకి వెళ్ళి మాస్టారు చేతులు కడుక్కున్నారు. మురికి అయి కాదు. ఏదో ఒకటి చెయ్యాలి కనుక. ఇంత సిగ్గు ఆయన పుట్టి ఎరగరు.

కట్టు విప్పే రోజున ఆస్పత్రికి వెళ్ళారు. కన్ను దక్కింది. నల్లగుడ్డు మీద బియ్యపుగింజంత తెల్లమచ్చ ఉండిపోతుందట, చూపు కొద్దిగా మసకట. మంచం మీద కూర్చున్న ఆ అమ్మాయి ఆయన్ని చూసి లేవబోయింది. కంటి మీద చిల్లుల ప్లాస్టిక్ మూత, దాని చుట్టూ అంటించిన తెల్లటి టేపు. తల్లి మందులు తేవడానికి కిందికి వెళ్ళింది.

"కూర్చో అమ్మా. నొప్పి ఎలా ఉంది?"

"తగ్గింది సార్." కొంచెం ఆగి, "నేను మర్చిపోయానని చెప్పాను సార్. చూడటానికి వచ్చిన మేడమ్‌కీ, అమ్మకీ. ఎవరి పేరూ చెప్పలేదు" అంది.

మాస్టారికి అర్థమైంది. అయినా అడిగారు. "మర్చిపోయావా మరి?"

"లేదు సార్. సంచిలోనే ఉన్నాయి." దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటూ మాట్లాడింది. "రోజూ బయటే పెట్టుకుని లోపలికొస్తాను కదా. ఆ రోజూ పెట్టుకున్నాను. తలుపు దగ్గరికొచ్చాక లోపల అందరూ నవ్వుతూ వినిపించారు. నన్ను చూసి కాదు సార్, ఇంకేదో మాట్లాడుకుంటున్నారు. కానీ ఇవాళ వద్దులే అనిపించింది. ఒక్క రోజు మామూలుగా ఉందామనిపించింది."

మాస్టారు కిటికీ కేసి తిరిగారు. బుగ్గల మీద ఆ ఎర్రగీత ఇప్పుడు కళ్ళకు కట్టింది. అప్పుడే తీసిన గాగుల్స్‌ది ఆ గీత. వాటిని సంచిలో పెట్టి వచ్చిన పిల్లతో, బాగుంది ఇలాగే రా, అని తను అన్నాడు. పైగా సంతోషంగా అన్నాడు.

"సార్, నన్ను మళ్ళీ ల్యాబుకు రానిస్తారా? మీరు చెబితే మేడమ్ వింటారేమో" అంది ఆ అమ్మాయి. "ఇంకో ఏడాదంటే అమ్మ షాపులో చేర్చేస్తుంది."

ఆస్పత్రి నుంచి మాస్టారు నేరుగా కాలేజీకి వెళ్ళారు. హెడ్ మేడమ్ వెళ్ళిపోవడానికి గదికి తాళం వేస్తున్నారు. అక్కడే వరండాలో నిలబడి చెప్పేశారు, మొదటి రోజు వేసిన వేషం నుంచి, ఇలాగే రా అన్న మాట దాకా. మేడమ్ తాళం చేత్తో పట్టుకునే విన్నారు.

"అంటే నాకు చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం కాకుండా చెప్పాను మేడమ్. అదే నా తెలివి."

"వేళాకోళానికి ఎవరైనా కన్ను మీదికి తెచ్చుకుంటారా? మీరు జాలిపడి తప్పు మీ మీద వేసుకుంటున్నారు. క్లాసంతా ఒక మాట చెప్పింది. మీరొక్కరూ వచ్చి ఇంకో మాట చెబితే నేను దేన్ని పట్టుకోవాలి?"

"రేపు వాళ్ళ ముందే చెబుతాను. మీరూ రండి. ఆ అమ్మాయినీ రమ్మంటాను. నేను చెప్పింది కాదంటారేమో మీరే అడగండి."

మేడమ్ తాళం వేసి ఒకసారి లాగి చూశారు. "వాళ్ళు అవునంటే ఆ పిల్ల ల్యాబుకు రావచ్చు. మీ సంగతి మాత్రం నేను చూడాల్సొస్తుంది. ల్యాబు మీ చేతిలో ఉంచుతానని మాటివ్వలేను."

"వద్దు మేడమ్, ఇవ్వకండి" అన్నారు మాస్టారు.

మర్నాడు బ్యాచ్ అంతా బల్లల దగ్గర నిలబడింది. బర్నర్లు ఇంకా వెలిగించలేదు. హెడ్ మేడమ్ తలుపు దగ్గర గోడనానుకుని నిలబడ్డారు. ఈతరాణి తన ఆఖరి బల్ల దగ్గరే ఉంది, కంటి మీద మూతతో. పిల్లలు ఒకసారి ఆ మూత కేసి, ఒకసారి మాస్టారి కేసి చూస్తున్నారు. ఈ నాలుగు రోజులుగా బిగుసుకుపోయి ఉన్నారు పాపం. ఆయన నోరు విప్పితే ప్రాణం తేలిక పడుతుందని కనిపెట్టుకుని ఉన్నారు.

"ఈ అమ్మాయి కంటికి దెబ్బ తగిలింది నా నాలుక వల్ల" అన్నారు మాస్టారు.

ముందు బల్ల దగ్గర సుత్తి కిసుక్కుమన్నాడు. నాలుక వల్ల కంటికి దెబ్బట. ఆ తర్వాతి ముక్క ఏమిటోనని మెడలు సాగాయి.

"నిజంగా చెబుతున్నాను. గాగుల్స్ పెట్టుకోవాలని మీకు చెప్పిన రోజే పెట్టుకోవద్దని కూడా చెప్పాను. చేతులు చాపుకుని నడిచానే, అదే చెప్పడం."

ఇంకో ఇద్దరు నవ్వారు. ఎవరో నడక గుర్తొచ్చి చేతులు చాపి చూపించారు. నవ్వు బల్ల నుంచి బల్లకు పాకింది. తలుపు దగ్గర మేడమ్ మొహంలో, నేను ముందే చెప్పలేదా అన్న భావం కనపడింది. తను నోరు తెరిస్తే నవ్వాలని ఇన్నాళ్ళూ మాస్టారు నేర్పించిన పిల్లలు వీళ్ళు. బాగా నేర్చుకున్నారు.

"నవ్వించడానికి కాదర్రా" అన్నారు. ఆ మాట చెప్పిన తీరుకు ఇంకా నవ్వారు.

ఆయన ఆఖరి బల్ల కేసి చూశారు. ఆ అమ్మాయి పెదవి బిగించింది, తర్వాత నవ్వింది. మూత లేని కన్ను మాత్రం నవ్వలేదు. సార్ ఇబ్బంది పడుతున్నారని, క్లాసు నవ్వుతుంటే తను నవ్వకపోతే బాగుండదని, అలవాటు కొద్దీ నవ్విన నవ్వు. సగం ఏడాది ఆ నవ్వునే చూసి మాస్టారు తన జోకు పండిందనుకున్నారు.

"నువ్వు నవ్వక్కర్లేదమ్మా" అన్నారు. "ఎప్పుడూ నవ్వక్కర్లేదు."

ఆ అమ్మాయి ఆయన్ని చూసింది. నవ్వు మెల్లగా మొహం మీంచి దిగిపోయింది. దాని వెనక ఇన్నాళ్ళూ ఉన్నదేదో, కోపమో అవమానమో, దాచుకోకుండా అందరి ముందూ పైకి వచ్చింది. దాన్ని చూసి పక్క బల్ల ఊరుకుంది, తర్వాత దాని ముందు బల్ల. ల్యాబులో కుళాయి బొట్లు బొట్లుగా కారడం వినిపించింది.

మిగతాది మాస్టారు ఆ నిశ్శబ్దంలోనే చెప్పారు. పేరు పెట్టిన సంగతి, రోజూ ఎగతాళి చేసిన సంగతి, గాగుల్స్ లేకుండా వచ్చిన రోజు చూసి కూడా బీరువాలోంచి ఒక జత తీసి ఇవ్వకుండా మెచ్చుకున్న సంగతి. చెప్పి, "కాదనేవాళ్ళు మేడమ్‌తో చెప్పండి" అన్నారు.

చివరికి తొందర, ఈ ఒక్కసారికి తొందర పడకుండా, తల వంచుకుని అన్నాడు. "అవును మేడమ్. మేమూ అన్నాం. రోజూ అన్నాం."

ఒక్కొక్కరే తలలు ఊపారు.

"రేపటి నుంచి రావచ్చమ్మా" అన్నారు హెడ్ మేడమ్ ఆ అమ్మాయితో. మాస్టారితో, "క్లాసయ్యాక నా గదికి రండి" అన్నారు. ఆవిడ చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

ఆ అమ్మాయి థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని మాస్టారు కూడా అనుకోలేదు. క్లాసంతా ఆయన కేసే చూస్తోంది. ఇంత బరువు ఎవరైనా దించాలి, దించే మనిషి ఎప్పుడూ ఆయనే. మాస్టారి నాలుక చివరికి ఒక మాట వచ్చింది కూడా. మంచి జోకే. అంటే అందరూ నవ్వేవాళ్ళు, అంతా మామూలైపోయేది, ఆఖరి బల్ల దగ్గర ఆ అమ్మాయి కూడా పెదవి బిగించి నవ్వేది.

ఆయన దాన్ని మింగేశారు. బీరువా దగ్గరికి వెళ్ళి గాగుల్స్ పెట్టె దించి, ఒక్కో జత తుడిచి బల్ల బల్లకూ ఇస్తూ వెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదు, ఆయన కూడా.